‘మీ డాడీకి పంపిస్తా’: టీనేజీ ప్రేమల్లో ఫోన్ పెత్తనం

(ఒక జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ విద్యార్థుల తల్లిదండ్రులు, అధ్యాపకుల సమావేశంలో జిల్లా కోర్టు న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పొలం పనులు, దుకాణాలు, డ్యూటీలు వదులుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగాంశాన్ని ‘సెల్‌ఫోన్ దుష్ప్రభావాలు’ అని వేశారు. అది చూసి, ఫోన్ ఎక్కువగా చూస్తే కళ్లు పోతాయని, మార్కులు తగ్గుతాయని నేను చెబుతానని మీరు అనుకుని ఉంటారు. కళ్ల సంగతి డాక్టర్లు చూసుకుంటారు, మార్కుల సంగతి ఇక్కడున్న లెక్చరర్లు చూసుకుంటారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఒకరినొకరు ఇష్టపడినప్పుడు, ఆ ఇష్టం పేరుతోనే ఒకరు మరొకరిని ఫోన్ ద్వారా గుప్పిట్లో పెట్టుకుంటున్న తీరు గురించి నేను మాట్లాడదలచాను. ‘మా పిల్లలకు అలాంటివేమీ లేవు’ అని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారని నాకు తెలుసు. నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రుల్లో ఆ మాటతో మొదలుపెట్టనివారు చాలా తక్కువ.

రెండేళ్ల క్రితం ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకుని నా ఆఫీసుకు వచ్చారు. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి చెబుతున్నాను. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి డిగ్రీ మొదటి సంవత్సరం, ఇద్దరికీ ఎనిమిది నెలల పరిచయం. ఆ అమ్మాయి ముందుగా చెప్పింది బెదిరింపుల గురించి కాదు, నిద్ర గురించి. రాత్రి పదకొండింటికి వీడియో కాల్ మొదలయ్యేది, మాటలు అయిపోయాక కూడా దాన్ని కట్ చేయకూడదు. ఆమె నిజంగానే నిద్రపోతోందని, మరెవరితోనూ మాట్లాడటం లేదని అతనికి నమ్మకం కలగాలంటే, ఫోన్‌ను దిండు పక్కన నిలబెట్టి, కెమెరా ముఖం వైపు ఉంచి పడుకోవాలి. చార్జర్ వైరు పొట్టిది కావడంతో మంచాన్ని గోడ దగ్గరకు జరుపుకుంది. ఎందుకు జరిపావని అమ్మ అడిగితే, ఫ్యాన్ గాలి సరిగ్గా తగలడం లేదని చెప్పింది. తెల్లవారేసరికి ఫోన్ పెనంలా కాలిపోయేదట.

పగటి సంగతి వేరు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను 15 నిమిషాలకో, గంటకో, 8 గంటలకో పెట్టుకునే వీలుంది. ఆమె ఎప్పుడూ ఎనిమిది గంటలదే పెట్టాలి. ఆమె వాట్సాప్‌ను ఏనాడో ఒకసారి ఫోన్ అడిగి తీసుకుని తన ల్యాప్‌టాప్‌కు కలిపేసుకున్నాడు కనుక, ఆమెకు వచ్చే ప్రతి మెసేజీ అతనికీ కనిపించేది. ఆ తల్లి అనుమతితో, అమ్మాయి అనుమతితో, ఒక సాయంత్రపు సంభాషణను నేను చదివాను. 4:40కి ‘ఎక్కడ?’, 4:41కి ‘బస్సెక్కావా?’, 4:43కి ‘చూసి కూడా రిప్లై లేదు’, 4:44కి ‘పక్కన ఎవడు?’, 4:52కి ‘సారీ బంగారం, నీ మీద ప్రేమతోనే కదా’, 4:53కి మళ్లీ ‘ఎక్కడ?’. పదమూడు నిమిషాల్లో అనుమానం, కోపం, క్షమాపణ అన్నీ ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికి వచ్చాయి. ఆ సమయంలో ఆ అమ్మాయి బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది.

విసిగిపోయి అతన్ని బ్లాక్ చేసింది. స్నేహితుల నంబర్ల నుంచి కాల్స్ వచ్చాయి, వాటినీ బ్లాక్ చేసింది. ఆ తరువాత ఫోన్‌పేలో ఒక రూపాయి వచ్చింది. దానితోపాటు ‘మాట్లాడు’ అని ఒక మాట. పది నిమిషాలకు మరో రూపాయి, మరో మాట. ఆ రాత్రి ఆమె ఖాతాలో ఇరవై మూడు రూపాయలు పడ్డాయి. చివరి రూపాయితో వచ్చిన మాట, ‘మన ఫోటో మీ డాడీకి పంపిస్తా’.

ఏమిటా ఫోటో అని నేను భయపడుతూనే అడిగాను. ఆమె చూపించింది. చెరువు కట్ట మీద ఇద్దరూ కూర్చుని ఐస్‌క్రీమ్ తింటూ తీసుకున్న సెల్ఫీ అది. అంతే. ఆ ఫోటోలో తప్పు పట్టదగినది ఏ చట్టానికీ కనిపించదు. కానీ దాని కోసం ఆ అమ్మాయి మూడు నెలలు అతను చెప్పినట్టల్లా ఆడింది, రెండుసార్లు అమ్మ పర్సులోంచి డబ్బులు తీసి పంపింది. ఆ సెల్ఫీని కత్తిగా మార్చింది ఆ అబ్బాయి ఒక్కడే కాదు. ‘డాడీ చూస్తే చదువు మాన్పించి సంబంధాలు చూస్తాడు’ అన్న భయం ఆ కత్తికి పదును పెట్టింది. ఈ మాట ఇంత మంది తండ్రుల ముందు అనడం నాకూ ఇబ్బందిగానే ఉంది. కానీ దీన్ని దాటవేస్తే నేను ఇక్కడికి వచ్చిన పని కాదు.

నాకు ఆ రోజు బాగా గుర్తుండిపోయినది మరొకటి ఉంది. ‘నీ ఫోన్ పాస్‌వర్డ్ అతనికి ఎందుకు ఇచ్చావమ్మా?’ అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, ‘ఇంట్లో అన్నకి కూడా తెలుసు కదా మేడమ్, అన్న రోజూ రాత్రి చెక్ చేస్తాడు, మనమంటే ప్రేమ ఉన్నవాళ్లే కదా అడిగేది’ అంది. పదేళ్ల వయసు నుంచి ఆమెకు ఇంట్లో తెలిసిన ప్రేమ అది. ఎక్కడున్నావని అడగడం ప్రేమ, ఎవరితో మాట్లాడావని అడగడం ప్రేమ, ఫోన్ లాక్కుని చూడటం ప్రేమ, చూశాక తిట్టి, తిట్టాక దగ్గరకు తీసుకోవడం ప్రేమ. బయట ఒక కుర్రాడు సరిగ్గా అవే పనులు చేసినప్పుడు, వాటికి వేధింపు అనే పేరు ఆమెకు ఎలా తోస్తుంది? మనం పిల్లలకు జాగ్రత్త నేర్పుతున్నామనుకుంటున్నాం కానీ, నిఘాకు అలవాటుపడటం కూడా వాళ్లు మన దగ్గరే నేర్చుకుంటున్నారు. ఆ అలవాటును బయటివాడు వాడుకుంటున్నాడు.

పిల్లల ఫోన్ అసలు చూడకూడదా అని మీరు అడుగుతారు. ఎనిమిదేళ్ల పిల్లవాడి ఫోన్ చూడటం వేరు, పదిహేడేళ్ల అమ్మాయి నిద్రపోయాక ఆమె వేలు పట్టుకుని ఫోన్ మీద నొక్కి తెరవడం వేరు. రెండోది చేస్తున్న ఇళ్లు నాకు తెలుసు. చూడదలిస్తే చెప్పి చూడండి, ఎందుకు చూస్తున్నారో చెప్పండి, వయసు పెరిగేకొద్దీ తగ్గించండి. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, హాస్టల్లో సాయంత్రం వేళ ఫోన్ వాడకూడదన్న నిబంధనకు ఒప్పుకోనందుకు బయటకు పంపించిన ఒక డిగ్రీ విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, వ్యక్తిగత గోప్యతలో భాగమని చెప్పి ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆ అమ్మాయి మేజర్, మన పిల్లలు మైనర్లు, కనుక ఆ తీర్పు మన ఇళ్లకు నేరుగా వర్తించదు. అయినా ఇంకో ఏడాదిలో వీళ్లూ మేజర్లు అవుతారని గుర్తుంచుకోవడం మంచిది.

ఇది మన జిల్లా సమస్య మాత్రమే కాదు. అమెరికాలో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో 7 నుంచి 12వ తరగతి వరకు చదువుతున్న పిల్లలను ప్రశ్నించారు. ప్రేమబంధంలో ఉన్నామని చెప్పినవారిలో నలుగురిలో ఒకరికి పైగా, అంతకుముందు ఏడాది కాలంలో తమ జంట వ్యక్తి నుంచే ఫోన్, ఇంటర్నెట్ ద్వారా వేధింపులు ఎదురయ్యాయన్నారు. న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ సంఖ్య కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఇంకొకటి. బాధపడిన పిల్లల్లో ఎవరినైనా సాయం అడిగినవారు పదిమందిలో ఒకరికంటే తక్కువ. డేటింగ్ అనే మాటకు ఇంట్లో పెద్దగా అభ్యంతరం లేని సమాజంలోనే పరిస్థితి అలా ఉంటే, మన దగ్గర పెదవి విప్పేదెవరు?

అబ్బాయిల తల్లిదండ్రులు ఇప్పటివరకు కాస్త నిశ్చింతగా కూర్చున్నారు. బాధితులుగా నా దగ్గరకు అబ్బాయిలూ వస్తారు, కాకపోతే ఆలస్యంగా వస్తారు. విడిపోదామన్న ప్రతిసారీ బ్లేడుతో గీసుకున్న మణికట్టు ఫోటో పంపే అమ్మాయి వల్ల ఒక కుర్రాడు రెండు సప్లిమెంటరీలు రాశాడు. ఆ ఫోటో వచ్చిన ప్రతిసారీ పరీక్ష హాలు ముందు నుంచే వెనక్కి పరిగెత్తాడు. ‘నువ్వు వదిలేస్తే చచ్చిపోతా’ అన్న మాట నిజంగా బాధలోంచి వచ్చినా, ఎదుటివాణ్ని కట్టిపడేయడానికి వచ్చినా, దాన్ని ఒంటరిగా మోయవలసిన బాధ్యత పదిహేడేళ్ల పిల్లవాడిది కాదు. అలాంటి మెసేజీ వచ్చిన క్షణమే ఆ అమ్మాయి ఇంటివారికో, ఒక పెద్దకో చెప్పాలి. ఈ పిల్లవాడు ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారనుకున్నాడు.

ఇక చట్టం. నాకు ఇష్టమైన భాగం ఇదే కానీ, మీ సహనాన్ని దృష్టిలో ఉంచుకుని కుదించి చెబుతాను. పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా ఒక స్త్రీ వెంటపడటాన్ని నేరంగా చూస్తుంది. ఆమె ఇంటర్నెట్, ఈ-మెయిల్ వంటివి ఎలా వాడుతోందో పర్యవేక్షించడం కూడా అదే సెక్షన్ కింద నేరమే. మొదటిసారికి 3 ఏళ్ల వరకు, మళ్లీ చేస్తే 5 ఏళ్ల వరకు జైలు ఉండవచ్చు. అంటే ల్యాప్‌టాప్‌లో ఆమె వాట్సాప్ తెరిచి పెట్టుకోవడాన్ని ప్రేమ ముచ్చటగా చట్టం చూడదు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కిందకు వస్తుంది.

న్యాయ సంహితలోనే ఉన్న 77వ సెక్షన్ గురించి ప్రతి అమ్మాయికీ తెలియాలి. ‘ఫోటో నేనే ఇచ్చాను కాబట్టి తప్పు నాదే’ అని పిల్లలు కుమిలిపోతుంటారు. ఏకాంతపు దృశ్యాన్ని తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన, దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకున్నట్టు కాదని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. ఆమె ఒప్పుకోకుండా పంచితే పంచినవాడే నేరస్థుడు. 2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ కోర్టు, విడిపోయిన అమ్మాయి ఏకాంత దృశ్యాలను ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక బీటెక్ విద్యార్థికి 5 ఏళ్ల జైలు శిక్ష వేసింది, బాధితురాలిని అత్యాచార బాధితురాలిగా పరిగణించి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది.

బాధితులు 18 ఏళ్ల లోపువారైతే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వస్తుంది. ఆ చట్టం ముందు అబ్బాయి అయినా, అమ్మాయి అయినా ఒకటే. బిడ్డ శరీరాన్ని చూపే దృశ్యంతో, అది నిజమైనదైనా, కల్పించినదైనా, లైంగిక ఉద్దేశంతో బెదిరించడం 11వ సెక్షన్ కింద లైంగిక వేధింపే. ముఖాలు అతికించి యాప్‌లతో తయారుచేస్తున్న నగ్న ఫోటోలకూ ఇది వర్తిస్తుంది. క్లాసు గ్రూపులో ఒకడు పెట్టింది మరొకడికి ఫార్వర్డ్ చేసినవాడు, ‘నేను తీయలేదు కదా’ అని తప్పించుకోలేడు. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద పిల్లల అశ్లీల దృశ్యాలను పంచడానికి మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అలాంటి దృశ్యాలను తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా ఫోన్‌లో దాచుకోవడమూ నేరం కాగలదని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తేల్చింది. మీ అబ్బాయికి రాత్రి భోజనాల దగ్గర ఈ ఒక్క సంగతి చెప్పండి, ఉపన్యాసం అక్కర్లేదు.

వేధించినవాడు కూడా మైనరే అయితే కేసు బాల న్యాయ మండలి ముందుకు వెళ్తుంది, మామూలు కోర్టుకు కాదు. ఆ పిల్లవాణ్ని సరిదిద్దడం మీదనే అక్కడ దృష్టి ఉంటుంది. ‘పాపం, వాడి జీవితం నాశనమవుతుంది’ అని బాధితురాలిని రాజీకి ఒప్పించే పెద్దమనుషులకు ఈ తేడా తెలియదు. తెలిసినా చెప్పరు.

పోలీస్ స్టేషన్ గడప తొక్కాలంటే ఇంటి పరువు పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం, బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. బిడ్డ పేరు, ఫోటో, చదివే బడి పత్రికల్లో రాకూడదు. అధికారి ఖాకీలో వస్తే, ‘సివిల్ డ్రెస్‌లో రండి’ అని మీరు మర్యాదగా అడగవచ్చు. నేను అడిగాను. వాళ్లు వెళ్లి మార్చుకుని వచ్చారు.

ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్నదానితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, మహిళలకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా నమోదు చేయవచ్చు. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930. తెలంగాణలో 2014 అక్టోబరు నుంచి, మహిళలను వేధించేవారిపై చర్య తీసుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి, వాటికి వాట్సాప్‌లోనే ఫిర్యాదు పంపవచ్చు. వాళ్లు చాలా సందర్భాల్లో ముందు ఆ కుర్రాణ్ని, అతని తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తారు. నేను చెప్పిన అమ్మాయి విషయంలో అదే సరిపోయింది.

ఫోటో బయటకు వస్తుందన్న భయం ఉన్నప్పుడు ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ 2023 నుంచి అందుబాటులో ఉంది. అది 18 ఏళ్ల లోపు తీసిన ఫోటోలకు పనికొస్తుంది, పెద్దలకు ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనేది ఉంది. ఫోటోను ఎవరికీ పంపనక్కరలేదు. అది మన ఫోన్‌లోనే ఉంటుంది, దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక సంఖ్య మాత్రమే తయారై ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి సంస్థలకు చేరుతుంది. అదే ఫోటోను అక్కడ ఎవరైనా పెట్టబోతే ఆ సంఖ్యతో పట్టుకుంటారు. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవాటిని మాత్రం అది ఆపలేదు. ఒకసారి చూస్తే మాయమైపోయే ‘వ్యూ వన్స్’ ఫోటోనూ పిల్లలు నమ్ముకుంటారు. స్క్రీన్‌షాట్ రాకపోయినా, పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫోటో తీస్తే అదీ దొరుకుతుంది.

ఒక తండ్రి గురించి చెప్పాలి. కూతురి ఫోన్‌లో బెదిరింపులు చూసిన కోపంలో నేరుగా మొబైల్ షాపుకు వెళ్లి, ఫోన్ మొత్తం రీసెట్ చేయించి, సిమ్ విరిచేసి, ఆ తరువాత నా దగ్గరకు వచ్చి ‘కేసు వేయండి మేడమ్’ అన్నారు. ఆయన చేతిలో ఉన్నది డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్త ఫోన్‌లా తళతళలాడుతోంది. ఆరు నెలల వేధింపులో ఒక్క అక్షరం కూడా మిగలలేదు. దయచేసి ఏదీ చెరపకండి. నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ప్రొఫైల్ పేరు, లింకు రాసిపెట్టుకోండి, ఆ ఒక్కో రూపాయి లావాదేవీలు కూడా దాచండి, ఆ తరువాతే బ్లాక్ చేయండి. అసలు ఫోన్‌ను భద్రంగా ఉంచండి, కోర్టుకు అదే కావాలి. ఏకాంత దృశ్యాలుంటే వాటిని సాక్ష్యం పేరుతో బంధువులకు, చివరికి నాకు కూడా పంపకండి. ఫోన్ పోలీసులకు అప్పగిస్తే చాలు.

అధ్యాపకులకు ఒక మాట. పోక్సో నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది, దాచినవారికి 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు ఉండవచ్చు. ఒక కళాశాలలో ఇలాంటి సంగతి బయటపడినప్పుడు, బాధిత విద్యార్థినికే టీసీ ఇచ్చి పంపించి చేతులు దులుపుకున్నారు. ఫోటో ఫార్వర్డ్ చేసిన ఏడుగురూ అదే బెంచీల మీద పరీక్షలు రాశారు.

ఆ మొదటి అమ్మాయి తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె ఫోన్‌ను కూరగాయల సంచిలో, పాల కవరులో చుట్టి తెచ్చారు. స్విచ్ ఆఫ్ కూడా చేయలేదు. ‘నేను తెరవలేదమ్మా, తెరిస్తే నాకు కోపం వస్తుందని భయమేసింది. పిల్లనే చూపించనీయండి, ఏది చూపిస్తే అదే చూడండి’ అన్నారు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి ఆమె. కూతురు మాట్లాడుతున్నంతసేపూ ఆమె బయట బల్ల మీద కూర్చున్నారు. తండ్రికి ఎప్పుడు, ఎలా చెప్పాలో ముగ్గురం కలిసి అనుకున్నాం. ఆ సెల్ఫీని ఆ అమ్మాయే ఆదివారం మధ్యాహ్నం తండ్రికి చూపించింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున బస్ పాస్ రెన్యువల్‌కు డబ్బులు ఇచ్చారు.

ప్రిన్సిపాల్ గారు నాకు గ్రంథాలయం పక్క గది ఇచ్చారు, సాయంత్రం ఐదు వరకు అక్కడే ఉంటాను. విద్యార్థులు ఒంటరిగా రావచ్చు, స్నేహితులతో రావచ్చు, ‘మా ఫ్రెండ్‌కి ఒక సమస్య’ అంటూ కూడా మొదలుపెట్టవచ్చు. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే, ఎవరి పిల్లలు లోపలికి వెళ్తున్నారో వరండాలో నిలబడి చూడకండి. క్యాంటీన్‌లో టీ బాగుంటుందట.